వియ్యపురాలు అడిగిన ప్రశ్న

పరువు కోసం ఆడిన అబద్ధం దేవుడి దగ్గర ఏ లెక్కలోకి వస్తుందన్నది నాకు ఏళ్ల తరబడి ఉన్న సందేహం. ఆశతో ఆడే అబద్ధం సంగతి తెలుసు. భయంతో ఆడేదాని సంగతీ తెలుసు, పిల్లల్ని పెంచినదాన్ని కదా. కానీ ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారనో, మనం చిన్నబోతామనో నోట్లోంచి జారిపోయే "బాగానే ఉందండీ", "ఇప్పుడే తిన్నామండీ", "మాకేం ఇబ్బంది లేదండీ" సంగతేమిటి? ఒకసారి ప్రవచనం చెప్పడానికి వచ్చిన ఒక పెద్దాయన్ని ధైర్యం చేసి అడిగాను. ఆయన నవ్వి, "చాలా మంచి ప్రశ్న తల్లీ, తీరిగ్గా మాట్లాడుకుందాం" అని పక్కవాళ్ల వైపు తిరిగారు. అది కూడా ఆ కోవలోదేనేమోనని ఇంటికొచ్చాక అనిపించింది.

ఈ సందేహం నన్ను పట్టుకోవడానికి కారణం మా ఆయనే. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండింగు పని ఆయనది. ఒకసారి కాగితాలు కోసే మిషను కింద వేలి కొస తెగింది. గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చి, గుమ్మంలోనే "కాస్త గీసుకుందిలే" అన్నాడు. ముళ్ల మీద కూర్చోబెట్టినా మెత్తగా ఉందనే రకం. పెళ్లైన కొత్తలో అది మంచితనం అనుకున్నాను. తర్వాత మొండితనం అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియదు.

ఆయనకి పేగు మెలిపడింది. అది కూడా రెండు పూటలు "అజీర్తి" అని దాచిపెట్టాక, వాంతులు ఆగకపోతే బయటపడింది. ఆసుపత్రిలో పొట్ట కోసి, చెడిపోయిన ముక్క తీసేసి, మిగతా రెండు కొసలూ కలిపి కుట్టారు. గుండెకి అంతకుముందే ఒకసారి దెబ్బ తగిలిన మనిషి. సర్జన్‌గారు బయటికొచ్చి, "మత్తు తట్టుకున్నారమ్మా, అది మన అదృష్టం. మళ్లీ అలాంటి పని పడకుండా చూసుకుందాం" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ ఆ చివరి మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే ఆ వార్డులో పెద్ద సిస్టర్ ఎవరో కాదు, మా అమ్మాయి అత్తగారు. మా వియ్యపురాలు. నేను ఆవిడని వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అనే అంటుంది. మా ఆయన్ని "అన్నయ్యగారూ" అంటుంది. మా ఆయన మాత్రం ఆవిడ వస్తున్న అలికిడి వినిపిస్తే చాలు, లుంగీ సర్దుకుని, కూర్చున్నవాడు లేచి నిలబడే మనిషి.

చేర్చిన రోజే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "వదినా, పై అంతస్తులో ఇలాంటి వార్డే ఇంకొకటి ఉంది. అన్నయ్యగారిని అక్కడ ఉంచుదామా? వాళ్లూ బాగా చూస్తారు" అంది.

నేను నోరు విప్పేలోపే మా అమ్మాయి అందుకుంది. "అదేంటత్తయ్యా, మీరుండగా పరాయివాళ్ల చేతుల్లో పెట్టడమేంటి?"

అల్లుడు కూడా, "అవునమ్మా, మనింటి మనిషి ఉంటే ఆ ధైర్యమే వేరు" అన్నాడు.

వదిన సరేనని తలూపి వెళ్లిపోయింది. అప్పుడు తప్పించుకోవాలని చూస్తోందేమో అనుకున్నాను. ఎందుకు అడిగిందో తర్వాత అర్థమైంది.

ముక్కులోంచి పొట్టలోకి ఒక గొట్టం, చేతికి సెలైను, మూత్రానికి సంచీ. నోట్లోకి చుక్క నీళ్లు లేవు. తడి గుడ్డతో పెదవులు అద్దడమే నా పని. వదిన నాకు అర్థమయ్యేలా చెప్పింది. "కోసి కుట్టిన పేగు అలిగిన పిల్లలా పడుకుంటుంది వదినా. మనం లేపితే లేవదు. అదే లేవాలి. లేచిందనడానికి గుర్తు, కిందనుంచి గ్యాస్ పోవడం. అది పోయేదాకా నోట్లో ఏం పోసినా పోయే దారి ఉండదు."

ఆపరేషన్ అయిన రెండో రోజు పొద్దున సర్జన్‌గారు రౌండ్స్‌కి వచ్చారు. ఆయన వెనక ఇద్దరు చిన్న డాక్టర్లు, నర్సింగు నేర్చుకునే ఆడపిల్లల గుంపు, మంచం పక్కన నేను, మా అమ్మాయి, అల్లుడు. పొట్ట మెత్తగా ఉందని చూసి, "గ్యాస్ పోయిందా సిస్టర్?" అని అడిగారు సర్జన్‌గారు.

వదిన రోజూ అందరినీ అడిగినట్టే వంగి అడిగింది. "అన్నయ్యగారూ, గ్యాస్ పోయిందా?"

నేర్చుకునే పిల్లల్లో ఒకమ్మాయి కలం పట్టుకుని ఆయన నోటివైపే చూస్తోంది. మా ఆయన కప్పు కేసి చూశాడు. "ఆఁ... అయిందండీ. పొద్దున్నే అయిందండీ" అన్నాడు.

నేను ముఖం కడుక్కోవడానికి వెళ్లినప్పుడేమో అనుకున్నాను.

"గుడ్. అయితే గొట్టం తీసేయండి. గుక్కలు గుక్కలుగా నీళ్లు, పడితే బార్లీ నీళ్లు" అని సర్జన్‌గారు ముందుకు కదిలారు. ఆ మాటతో మా మంచం దగ్గర పండగైపోయింది. గొట్టం తీశాక మా ఆయన ముఖం పదేళ్లు చిన్నదైంది. బార్లీ నీళ్లు చెంచాతో పట్టించాను. రెండోసారి కప్పుతోనే తాగాడు. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అన్నాడు. ఆయన్ని ఆ ప్రశ్న అడగడం నాదే బుద్ధి తక్కువ.

మధ్యాహ్నానికి ఎక్కిళ్లు మొదలయ్యాయి.

"ఎవరో తలుచుకుంటున్నారు నాన్నా" అంది అమ్మాయి. మా ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. ఎక్కిళ్లు ఆగలేదు. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. అటు తిరగనంటాడు, ఇటు తిరగనంటాడు. "నొప్పిగా ఉందా?" అంటే "అబ్బే."

వదిన పక్క మంచం వాళ్లకి కట్టు మారుస్తూ తల తిప్పి చూసింది. "ఆ ఎక్కిళ్లు ఎప్పటినుంచి?" అంది. ఆ గొంతులో చుట్టరికం లేదు. ఆ పని ఇంకో సిస్టర్‌కి అప్పగించి చేతులు కడుక్కుని వచ్చింది. దుప్పటి తీసి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. వేళ్లతో తట్టింది. పొద్దున మెత్తగా ఉన్న పొట్ట డోలులా మోగింది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. ఒక చోట, ఇంకో చోట, మళ్లీ మొదటి చోట. నాడి చూసింది. మంచం కింద మూత్రం సంచీ ఎత్తి చూసింది. నేను ఆవిడ ముఖంలోకి చూస్తున్నాను. వంటింట్లో పాలు పొంగబోతుంటే చూసే చూపు అది.

"వదినా, ఆ కప్పు ఇలా ఇచ్చేయండి. ఇక చుక్క కూడా వద్దు" అంది. మంచం తల వైపు ఎత్తించింది. సర్జన్‌గారు థియేటర్‌లో ఇంకో ఆపరేషన్‌లో ఉంటే అక్కడికే ఫోను చేసింది. ఆయన గొట్టం మళ్లీ వేసి, ఎక్స్‌రే తీయించమన్నారట. "గొట్టం నేనే వేస్తాను. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో గొడవ" అంది.

గొట్టం వేస్తుంటే మా ఆయన కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి గానీ నోట్లోంచి చిన్న శబ్దం రాలేదు. ఆకుపచ్చటి ద్రవం సర్రున దిగి సంచీలో నిండింది. పొద్దుట్నుంచి నేను ప్రేమగా పట్టించిన బార్లీ నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఎక్కిళ్లు తగ్గాయి. పొట్ట మాత్రం దిగలేదు. వదిన టేపుతో పొట్ట చుట్టుకొలత తీసి, మళ్లీ అక్కడే కొలవడానికి చర్మం మీద కలంతో గీత పెట్టింది.

సర్జన్‌గారు తల టోపీతోనే వచ్చారు. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశారు. పొట్ట నొక్కి చూశారు. మమ్మల్ని నడవాలోకి పిలిచారు. నేను, అమ్మాయి, అల్లుడు, వదిన.

"చూడండమ్మా" అన్నారు, "పొద్దున గ్యాస్ పోయి ఇప్పుడు ఇలా ఉబ్బిందంటే, తెరుచుకున్న దారి మళ్లీ మూసుకుందని అర్థం. కుట్టు దగ్గర ఏదో తేడా వచ్చి ఉండొచ్చు. అప్పుడు నేను ఆగకూడదు. చీకటి పడేలోపు మళ్లీ తెరిచి చూడాలి. అసలు గ్యాస్ పోనేలేదంటే పేగు ఇంకా లేవలేదు, మనమే తొందరపడి పోశాం. అప్పుడు గొట్టం ఉంచి, కనిపెట్టుకుని ఉండొచ్చు."

"ఎక్స్‌రేలో తెలియలేదా సార్?" అని అల్లుడు అడిగాడు.

"రెండింటిలోనూ ఇలాగే కనిపిస్తుంది. స్కాన్ తీయించినా, ఆపరేషన్ అయిన కొత్తలో లోపలంతా వాచి ఉంటుంది కాబట్టి తేల్చి చెప్పలేకపోవచ్చు."

"గుండె తట్టుకుంటుందా?" అన్నాను నేను.

సర్జన్‌గారు నావైపు చూశారు. "అందుకేనమ్మా ఇంత ఆలోచించేది" అన్నారు. తర్వాత వదిన వైపు తిరిగి, "పొద్దున గ్యాస్ పోయిందన్నారు కదా సిస్టర్?" అన్నారు.

"అన్నారు సార్" అంది వదిన. ఆ మాటని ఆవిడ తూచి తూచి వేసినట్టు అంది. "ఇంకోసారి అడుగుతాను."

అందరం మంచం దగ్గరికి వెళ్లాం. అదీ పొరపాటే. అయినా ఎవరి కాళ్లు ఆగుతాయి? వదిన మంచం పక్కన కుర్చీ లాక్కుని, ఆయనకి దగ్గరగా కూర్చుంది. "అన్నయ్యగారూ, పొద్దున గ్యాస్ నిజంగా పోయిందా? పోకపోయినా తప్పేం లేదు. తెలిస్తే చాలు."

మా ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "చెప్పాను కదండీ... అయిందండీ."

"గట్టిగానా, కొంచెంగానా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "బాగానే అయిందండీ చెల్లెమ్మగారూ. మీరేం శ్రమపడకండి."

"అమ్మా, మామయ్యగారు చెప్పారు కదా. పెద్దాయన్ని పదేపదే అదే అడిగితే ఏం బాగుంటుంది?" అన్నాడు అల్లుడు మెల్లగా.

"నాన్న ఇలాంటి విషయంలో అబద్ధం ఎందుకు చెప్తారు?" అంది మా అమ్మాయి. దాని కళ్లలో నీళ్లున్నాయి. తండ్రి మాటంటే దానికి చిన్నప్పటినుంచీ వేదం.

మా ఆయన నిజం చెప్పేటప్పుడు కాస్త విసుగ్గా చెప్తాడు. "అయింది, వెళ్లు" అంటాడు. అబద్ధం చెప్పేటప్పుడే ఆ "అండీ"లు, ఆ మర్యాదంతా. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద బతికినదానికి ఆ తేడా తెలియదా? కానీ తెలిసినదాన్ని బయటపెట్టడం వేరు. కట్టుకున్నవాడి మాటని, కూతురినిచ్చిన ఇంటివాళ్ల ముందు, అల్లుడి ముందు, కాదనాలి. ఆయన ఆ మంచం మీద పరువు తప్ప ఇంకేమీ మిగలకుండా పడున్నాడు. అది కూడా నా చేత్తో తీసేయాలి. పోనీ నేనే పొరబడితే? నిజంగా పోయి ఉంటే? నా మాట పట్టుకుని వాళ్లు ఆగిపోతే, లోపల కుట్టు ఊడిపోతుంటే?

దేవుడా, ఒక్క గుర్తు చూపించు అనుకున్నాను. ఏ గుర్తూ రాలేదు. కిటికీ బయట ఎవరో బండి స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు, అంతే.

"వదినా" అన్నాను. "ఆయనకి అవ్వలేదు."

మంచం మీంచి మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"అమ్మా!" అంది అమ్మాయి.

"మీరు పక్కనే ఉన్నారా వదినా? చూశారా?" అని వదిన అడిగింది.

"చూడ్డానికి అదేమైనా ఊరేగింపా? ఆయన మాట విన్నాను, అది చాలు. మీతో అన్ని అండీలు పెట్టి చెప్పింది ఏదీ నమ్మకండి. పేగు మెలిపడ్డప్పుడు కూడా నాతో ఇలాగే అజీర్తండీ అన్నారు. నన్ను అండీ అన్నప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది."

సర్జన్‌గారు వదినని మళ్లీ నడవాలోకి తీసుకెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. "భార్య ఊహ మీద నేను ఆగలేను సిస్టర్. ఆయన నోటితో చెప్పాలి" అన్నారు. కోపంగా అనలేదు. ఆయన కాలు మాత్రం థియేటర్ వైపే తిరిగి ఉంది.

వదిన చేతి తొడుగులు తీసేసింది. "నేనడిగితే ఆయన ఈ జన్మలో చెప్పరు సార్. పొద్దున అంతమందిలో అడిగాను, అది నాదే పొరపాటు. ఆయన పక్కన నేను సిస్టర్‌ని కాను, వియ్యపురాల్ని. నేను ఈ మంచం నుంచి తప్పుకుంటాను. పై వార్డు బ్రదర్‌ని పిలిపిస్తున్నాను" అంది.

"మీ వార్డులో మీరు తప్పుకుంటే..." అని సర్జన్‌గారు ఏదో అనబోయారు.

"నలుగురూ ఏమనుకుంటారో తర్వాత చూసుకుంటాను సార్."

అప్పుడు అర్థమైంది నాకు, మొదటిరోజు ఆవిడ పై వార్డు మాట ఎందుకెత్తిందో.

పై నుంచి వచ్చిన ఆ మగ నర్సుకి మీసాలు మనిషికంటే ముందొస్తాయి. వార్డులో అందరూ ఆయన్ని మీసాల బ్రదర్ అంటారట. వదిన ఆయనకి నాలుగు మాటల్లో అంతా చెప్పింది. ఆయన తలూపి మా మంచం దగ్గరికొచ్చి, "అందరూ బయటికి. అమ్మా, మీరు కూడా" అని తెర లాగేశాడు. నేను తెర ఇవతలే నిలబడ్డాను. ఇంకెక్కడికి పోను?

"ఏం పెద్దాయనా, మీకు మొహమాటం జాస్తి అట కదా?"

"అదేం లేదు బాబూ."

"ఇదిగో, మొదలెట్టారు. నేను మీకేమవుతాను?"

"ఏమీ కారు."

"హమ్మయ్య. మీ చుట్టాన్ని కాను. మీ వీధివాణ్ని కాను. రేపు మీరు ఇంటికెళ్తే నా మొహం మీరు చూడరు, మీ మొహం నేను చూడను. నా దగ్గర సిగ్గుపడటం శుద్ధ దండగ. చెప్పండి. గ్యాస్ పోయిందా?"

తెర అవతల ఒక ఎక్కిలి.

"లేదు" అన్నాడు మా ఆయన. విసుగ్గా అన్నాడు.

"ఒక్కసారైనా?"

"లేదంటున్నానుగా! ఆపరేషన్ అయినప్పట్నుంచీ లేదు."

"మరి పొద్దున అయిందన్నారేం?"

"అమ్మాయి అత్తగారు బాబూ ఆవిడ. ఆవిడ ముందు నేను కాలు మీద కాలేసుకుని కూడా కూర్చోలేదు. ఆవిడొచ్చి పదిమందిలో ఆ మాట అడిగితే ఏం చెప్పను?"

"లేదని చెప్పొచ్చుగా. దాంట్లో ఏం సిగ్గు?"

"లేదంటే సాయంత్రం మళ్లీ అడుగుతుంది కదా! అయిందంటే ఇక అడగదనుకున్నాను."

బ్రదర్ నవ్వాపుకోవడానికి దగ్గాడు. తెర ఇవతల నాకు నవ్వు రాలేదు. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. వదిన దూరంగా తన బల్ల దగ్గర నిలబడి ఇటే చూస్తోంది. నేను తలూపాను. ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది.

సర్జన్‌గారు మళ్లీ పొట్ట నొక్కి చూశారు. "సరే, రేపు పొద్దుటిదాకా ఆగుదాం" అన్నారు. "కానీ షరతు. పొట్ట చెక్కలా గట్టిపడినా, జ్వరం తగిలినా, నాడి ఇంకా పరుగెత్తినా నన్ను అడగడం కూడా వద్దు, నేరుగా థియేటర్‌కి తీసుకొచ్చేయండి. మత్తు డాక్టర్‌గారికి చెప్పి ఉంచుతాను." ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు నాతో ముందుగానే సంతకం పెట్టించుకున్నారు.

అక్కణ్నుంచి మీసాల బ్రదరే చూసుకున్నాడు. వదిన మంచం దగ్గరికి రాలేదు. అయితే డ్యూటీ దిగే వేళైనా ఇంటికీ వెళ్లలేదు. నేర్చుకునే పిల్లలు ఇద్దరు మందుల ట్రే దగ్గర గుసగుసలాడుకోవడం విన్నాను. "సొంత వియ్యంకుడి దగ్గరికే వెళ్లడం లేదట, ఏం గొడవో." వదినకీ వినిపించే ఉంటుంది. ట్రే సర్దమని మాత్రం చెప్పి ఊరుకుంది.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంతోసేపటికి, "పరువు తీశావు" అన్నాడు.

"పరువు ఎక్కడికీ పోదు. ఇంటికెళ్లాక వెతుక్కుందాం. ముందు మనిషి ఇంటికి రావాలి" అన్నాను.

సాయంత్రం ఎండ కిటికీ దిగిపోతుండగా నాడి పెరిగింది. బ్రదర్ లెక్క చూసి, ఇంకోసారి చూసి, నడవాలోకి వెళ్లి వదినతో మాట్లాడాడు. నేను వెంట పడ్డాను.

"జ్వరం?" అంది వదిన.

"లేదక్కా."

"పొట్ట?"

"కొలత పెరగలేదు. మెత్తగానే ఉంది. ముఖం మాత్రం బిగబట్టుకుని ఉన్నారు."

వదిన నావైపు తిరిగింది. "వదినా, అన్నయ్యగారు నొప్పి ఉందని చెప్పారా?"

"లేదని చెప్పారు."

"అండీ పెట్టారా?"

"ఆఁ. బ్రదర్‌ని కూడా అండీ అన్నారు."

వదిన బ్రదర్ వైపు తిరిగింది. "అయితే అది నొప్పి కావచ్చు. కాకపోనూవచ్చు. అడగొద్దన్నా సరే, సర్జన్‌గారికి ఫోన్ చేసి చెప్పు. నొప్పికి మందు ఇవ్వనిస్తారేమో అడుగు. ఇచ్చాక కాసేపటికి నాడి దిగకపోతే ఇక ఆలోచించేది లేదు, బండి ఎక్కించేద్దాం. దిగితే లేపి నడిపించు. పడుకుని ఉంటే ఆ పేగు లేవదు."

సర్జన్‌గారు సరేనన్నారు. మందు ఎక్కించారు. బ్రదర్ ఆయన మణికట్టు పట్టుకుని గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు. థియేటర్‌కి తీసుకెళ్లే చక్రాల బండి తెచ్చి తెర పక్కనే పెట్టారు. ఆ బండి మీద పరిచిన తెల్ల గుడ్డ వైపు చూడకుండా ఉండటానికి నేను కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. జీవితంలో ఎన్నో అడిగాను ఆయన్ని. పిల్లల చదువులు అడిగాను, ఇల్లు అడిగాను, ఆరోగ్యాలు అడిగాను. స్వామీ, మా ఆయనకి గ్యాస్ పోయేలా చెయ్యి అని అడగడానికి మాత్రం సిగ్గేసింది. దేవుడి దగ్గర కూడా మొహమాటమేనా అని నన్ను నేనే తిట్టుకుని, ఆ మాటే అడిగాను. ఉన్నదున్నట్టు అడిగాను.

"దిగుతోంది" అన్నాడు బ్రదర్.

నాడి మెల్లగా దిగింది. బండి కదిలి వెనక్కి వెళ్లిపోయింది. బ్రదర్ ఆయన్ని లేపి, ముక్కుకి గొట్టంతో, ఒక చేతిలో సెలైను కర్రతో, నడవాలో అటూ ఇటూ తిప్పాడు. వదిన బల్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు మా ఆయన తల దించుకున్నాడు. ఆవిడ కూడా మందుల పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది. వెళ్లాక మాత్రం ఆయన అడుగులు ఎలా పడుతున్నాయో వెనకనుంచి చూసింది.

మర్నాడు పొద్దున నేను నీళ్ల సీసా నింపుకుని వస్తుంటే మీసాల బ్రదర్ ఎదురొచ్చాడు. "అమ్మా, అయింది! నేను విన్నాను!" అని నడవా అంతా దద్దరిల్లేలా అన్నాడు. రెండు మంచాల అవతల కాలు విరిగినతను "ఏమైందండీ, మగపిల్లాడా ఆడపిల్లా?" అని అడిగాడు. వార్డంతా నవ్వింది. నేను లోపలికి వెళ్లేసరికి మా ఆయన ముఖం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. దుప్పటి కిందనుంచి, "అయింది, వెళ్లు" అన్నాడు నాతో, విసుగ్గా. ఆ విసుగు ముందు ఏ పాటైనా బలాదూరే.

పొట్ట దిగింది. గొట్టం ఈసారి తొందరపడకుండా తీశారు. నీళ్లు ఇచ్చి ఆగారు, బార్లీ ఇచ్చి ఆగారు. సర్జన్‌గారు రౌండ్స్‌లో, "నేను కూడా ఆయన మాటతోనే సరిపెట్టుకున్నాను" అని వదినతో అన్నారు. ఆ తర్వాత మగవాళ్లని ఆ ప్రశ్న బ్రదరే, తెర లాగి అడగాలని వాళ్లలో వాళ్లు అనుకున్నారట.

ఇంటికి పంపించే ముందురోజు వదిన చేతిలో కప్పుతో వచ్చింది. యూనిఫాంలో కాదు, ఇంటి చీరలో. "కాఫీ తాగొచ్చన్నారు సార్" అంది. అమ్మాయి, అల్లుడు అక్కడే ఉన్నారు.

మా అమ్మాయి సంబంధం మాట్లాడుకోవడానికి మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఆవిడ కంగారులో కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. అది మా ఆయనకిచ్చిన కప్పులో మాత్రమే పడింది. మా ఆయన ఆఖరి చుక్కదాకా తాగి, "చాలా బాగుందండీ" అన్నాడు. మేం వెళ్లిపోయాక ఆవిడ వంటింట్లో ఉప్పు డబ్బా తెరిచి ఉండటం చూసి పసిగట్టిందట. ఆనాటినుంచీ కలిసినప్పుడల్లా, "అన్నయ్యగారూ, ఆ రోజు కాఫీ ఎలా ఉంది? నాకొక నిజం బాకీ ఉన్నారు మీరు" అని ఆటపట్టిస్తుంది. మా ఆయన ప్రతిసారీ "బాగుందండీ" అనే అంటాడు. అదొక ఆనవాయితీ అయిపోయింది.

ఈసారి వదిన ఆ మాట ఎత్తలేదు. కప్పు ఆయన చేతికిచ్చి, పక్కన నిలబడింది. ఆయన ఒక గుక్క తాగాడు. అందరం చూస్తున్నాం. ఆయన కప్పు కేసే చూస్తూ, "ఉప్పు" అన్నాడు.

వదిన కంగారుపడి కప్పు అందుకోబోయింది. "అయ్యో, దీంట్లోనా?"

"దీంట్లో కాదు. ఆ రోజు" అన్నాడు మా ఆయన. "నోట్లో పెట్టుకునేలా లేదు. కడుపులో తిప్పేసింది. దారిలో బండి ఆపి కక్కుకున్నాను."

వదిన మంచం చివర కూర్చుండిపోయి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇది మాత్రం బాగుంది" అన్నాడు మా ఆయన, ఇంకో గుక్క తాగి. "కాస్త పంచదార తక్కువైంది, చెల్లెమ్మా."